ఆపరేషన్ల సెలైన్ ఎక్కువైతే లంగ్స్‌కు నీరు వస్తదా?

నర్సంపేట పిల్లగాడు:
అన్నలు అక్కలు, తెలిస్తే చెప్పుర్రి. మా అమ్మకు (62 ఏండ్లు) పేగు మెలిక పడ్డదని హన్మకొండల ఆపరేషన్ చేసిన్రు, రెండు రోజులు మంచిగనే ఉండె, మూడో రోజు రాత్రి పండుకుంటె దమ్ము వస్తుందని లేచి కూసుంది. ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తులల్ల నీరు చేరిందన్నరు, మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసే లాసిక్స్ మందు ఇస్తున్నరు. ఆపరేషన్ల ఆరు బాటిళ్లు ఎక్కిచ్చిన్రట. కాళ్లు ఉబ్బి మెట్టెలు బిగుసుకపోతె సబ్బు రాసి తీసిన. గన్ని ఎక్కిచ్చుడు తప్పేనా? నిద్ర పడ్తలేదు నాకు.

ఓటీ టెక్నీషియన్, వరంగల్:
తమ్మీ, ఎక్కిచ్చిన సెలైన్ మొత్తం రక్తంలనే ఉండదు, గంట రెండు గంటలల్ల చానమట్టుకు నరాల నుంచి బయటికి జారి ఒంట్ల ఇంకుతది. గాలితిత్తుల చుట్టు తడి చేరితె లంగ్ బిర్రుగైతది, ఆక్సిజన్ రక్తంలకు దాటుడు తగ్గుతది. మూడో రోజే ఎందుకంటె ఒంట్ల ఇంకిన నీళ్లు అప్పుడే మళ్ల రక్తంలకు మర్లుతయ్, గుండె, కిడ్నీలు అందుకోకపోతె లంగ్స్ మీద పడ్తది. కని బాటిళ్లు లెక్కపెట్టి తప్పనలేం. పేగు మెలిక పడ్డోళ్లు వాంతులయి ఎండిపోయి వస్తరు, ఎక్కియ్యకపోతె బీపీ పడ్తది. 2018ల రిలీఫ్ అని పెద్ద స్టడీ వచ్చింది, పెద్ద పొట్ట ఆపరేషన్లయిన దాదాపు 3000 మందిల తక్కువ ఎక్కిచ్చినోళ్లకు కిడ్నీ దెబ్బ 8.6 శాతం, ధారాళంగ ఎక్కిచ్చినోళ్లకు 5 శాతం. అటు కిడ్నీ ఇటు లంగ్, మత్తు డాక్టర్‌కు నడుమ దారి దొరకబట్టుడే కష్టం. అవి 500 ఎంఎల్ బాటిళ్లేనా? ఏం ఎక్కిచ్చిన్రో కూడ చూడు, లీటర్ నార్మల్ సెలైన్ల 9 గ్రాముల ఉప్పుంటది, అది నీళ్లను పట్టుకుంటది. గుండె ఎకో గురించి డాక్టర్‌ను అడుగు.

జమ్మికుంట అక్క:
మా నాయినకు ఊపిరితిత్తి ముక్క తీసినప్పుడు డాక్టర్ ముందే చెప్పిండు, సెలైన్ చాన తక్కువ ఎక్కిస్తం, మిగిలిన లంగ్ తట్టుకోదు అని. తర్వాత మూడు బంతుల డబ్బతోని ఊపిరి పీల్చుడు చేయిచ్చిన్రు, ఫస్ట్ రోజు ఒక్క బంతి సగం గూడ లేవలే, వారానికి రెండు లేసినయ్. అమ్మకు చేయియ్యొచ్చా డాక్టర్‌ను అడుగు తమ్మీ, తలకాడ మంచం ఎత్తుగ పెట్టుమను.

నర్సంపేట పిల్లగాడు:
500వే అన్న, ఆర్ఎల్ (రింగర్ లాక్టేట్, ఇంకో రకం సెలైన్) నాలుగు, ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) రెండని షీట్ల ఉంది. పొద్దుగాల నుంచి రెండు లీటర్లు మూత్రం పోయింది. తలకాడ లేపినంక గంటసేపు పండుకుంది అక్క. ఎకో రేపు చేస్తమన్నరు.