చర్చ: కంపెనీ లాయర్ నోటీసు రాగానే వీడియో తీసేయాలా?

పలకబలపం:
2023 ఏప్రిల్‌లో బోర్న్‌విటాలో చక్కెర గురించి, ప్యాకెట్ తిండి మీద వీడియోలు చేసే రేవంత్ హిమత్‌సింగ్కా వీడియో పెట్టాడు. లీగల్ నోటీసు వచ్చింది. రెండు వారాల్లోనే వీడియో పోయింది, క్షమాపణ కూడా చెప్పాడు. ఏ జడ్జీ ఒక్క ముక్క అనలేదు. అదే డిసెంబరుకల్లా కంపెనీ 100 గ్రాములకు 37.4 గ్రాములున్న అదనపు చక్కెరను 32.2కు దించింది. అడిగిన దాంట్లో పస ఉన్నట్టేగా? మరి నోరెందుకు మూయించినట్టు?

చెంచాలెక్క:
పస ఉంది, కానీ అన్ని మాటలూ నిలిచేవి కావు. 20 గ్రాములు కలిపితే అదనపు చక్కెర 7.5 గ్రాములు, అంటే చెంచాన్నర. కంపెనీ చెప్పుకున్న ఈ లెక్కా తప్పు కాదు. (ఇళ్లలో గోపురంలా నింపిన చెంచాలు రెండు వేసి, పైన పంచదార కూడా కలుపుతారు, అది వేరే సంగతి.) మొత్తం చక్కెర, అదనపు చక్కెర లేబుల్ మీద వేర్వేరు వరుసలు. పాలపొడి, మాల్ట్‌లో సహజంగా ఉండేదీ మొదటి దాంట్లో కలుస్తుంది. రెంటినీ కలగలిపితే లాయర్ చేతికి తాళం మనమే ఇచ్చినట్టు. ఇక ఆ వీడియోలోలా, అందులో కలిపే రంగును క్యాన్సర్‌కు ముడిపెట్టడం ప్యాకెట్ చూసి తేల్చే విషయం కాదు.

కోర్టుహాలు3:
నోటీసు అంటే ఉత్తరమే, ఉత్తర్వు కాదు. భయపడాల్సింది ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్‌కి. అంటే కోర్టు మన మాట వినకుండానే తీసేయమనే ఉత్తర్వు. దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఏ కింద కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే పెట్టే అర్జీ) వేయాలి, 90 రోజులు పనిచేస్తుంది. 2024 మార్చిలో బ్లూమ్‌బెర్గ్ వార్తాసంస్థ కేసులో సుప్రీంకోర్టు కూడా విచారణకు ముందే రాతను ఆపేయడం అరుదుగానే జరగాలంది. పారాచూట్ నూనె వీడియో కేసు చూడండి: 2020 జనవరిలో బొంబాయి సింగిల్ జడ్జి తీసేయమన్నారు, ఫిబ్రవరిలో అప్పీలు బెంచి మార్పులతో ఉంచుకోనిచ్చింది. అక్కడ దెబ్బ తగిలింది పోలికలో: మామూలు కొబ్బరినూనెను, పచ్చికొబ్బరి నుంచి తీసే వర్జిన్ నూనె పక్కన పెట్టారు.

పలకబలపం:
కేవియట్ హైదరాబాదులో వేస్తే వాళ్లు దావా ఇంకో ఊళ్లో వేస్తారు. రియల్ జ్యూస్ వీడియో మీద డాబర్ వెళ్లింది కలకత్తా హైకోర్టుకి.

కోర్టుహాలు3:
అవును, అదే దాని లోపం. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసున్న ఊరు, పాత దావాలు వేసిన ఊళ్లు చూసుకుని రెండు మూడు చోట్ల వేయాలి. ఖర్చే.

ఉప్పునీళ్లు:
వీడియో ఒక్కటే దారి కాదండీ. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మే తీపి పానీయాల మీద ఏళ్లపాటు పోరాడారు, 2022లో తెలంగాణ హైకోర్టుకీ వెళ్లారు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు ఉండాలి. చక్కెర పెరిగితే పేగు ఒంట్లోని నీటినే లాగేసుకుంటుంది, విరేచనాలు ముదురుతాయి. 2022 జులైలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) "ఇది డబ్ల్యూహెచ్‌ఓ ఓఆర్‌ఎస్ కాదు" అని రాసుకుని అమ్ముకోమంది. 2025 అక్టోబరు 14న ఆ వెసులుబాటు తీసేసింది. ఆవిడ వాదనలో ఎదుటివాళ్లు తప్పు పట్టుకోవడానికి ఊహ లేదు, డబ్ల్యూహెచ్‌ఓ సూత్రమే ఉంది.

చెంచాలెక్క:
సూత్రం లేని సరుకు సంగతి? అప్పుడు ల్యాబే దిక్కు. ఒకే బ్యాచ్ ప్యాకెట్లు మూడు కొనండి, బిల్లు దాచండి. ఒకటి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబుకి, మిగతావి సీలు తీయకుండా ఇంట్లో. రిపోర్టు ఇచ్చిన శాంపిల్‌కే వర్తిస్తుంది. "ఈ బ్యాచ్‌లో ఇంత" అంటే నిలుస్తుంది, "ఈ కంపెనీ అంతా మోసం" అంటే నిలవదు. ప్రభుత్వ ఫుడ్ ఎనలిస్టుతో చేయించాలంటే, ఫుడ్ సేఫ్టీ చట్టం సెక్షన్ 40 ప్రకారం, కొనేటప్పుడే ఆ సంగతి షాపువాడికి చెప్పాలి.

పలకబలపం:
షాపువాడికి ముందే చెబితే ఆ ప్యాకెట్ ఇస్తాడా?

చెంచాలెక్క:
పేరున్న సీలు ప్యాకెట్ అయితే వాడికేం, ఇస్తాడు. విడి సరుకు దగ్గరే చిక్కు.