కార్ట్రిడ్జ్‌లోకి (ఫిల్ము చుట్ట ఉండే చిన్న డబ్బాలోకి) పూర్తిగా పోయిన ఫిల్ము కొసను బయటికి లాగడం ఎలా?

వరంగల్ కోటలోని కీర్తి తోరణాలను, రామప్ప గుడిలోని మదనికలను 35 మి.మీ. నలుపు తెలుపు ఫిల్ముపై తీశాను. రోలు సగమే అయింది. మిగతా సగాన్ని మరో కెమెరాలో వాడదామని వెనక్కి చుట్టిస్తే, మోటారు కెమెరా కావడంతో కొసతో సహా మొత్తం లోపలికి లాగేసుకుంది. డబ్బా పగలగొట్టడం నాకు ఇష్టం లేదు.

పాత ఫిల్ము ముక్కకు డబుల్ సైడ్ టేపు అతికించి, డబ్బాకుండే మఖమల్ అంచుల సందులోంచి దూర్చాను. ఇరుసును ఫిల్ము చుట్టుకునే దిశలో నెమ్మదిగా తిప్పుతుంటే, కొస ఆ ముక్కను దాటిన ప్రతిసారీ ‘టిక్’మని సన్నని చప్పుడు వస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటేనే వినపడుతుంది. అది వినగానే ఆపి, ఎదురు దిశలో కొద్దిగా తిప్పి ముక్కను లాగితే టేపు మాత్రమే ఊడి వస్తోంది. పైగా మఖమల్ నూగు లేస్తోంది. అది ఫిల్ముపై గీతలు పెడుతుందేమోనని చాలా భయంగా ఉంది.

టేపు లేకుండా ముక్క కొనను తడిపి దూర్చే పద్ధతిని ఎవరైనా చేసి చూశారా? ఏ వైపు తడపాలి? ఇలా లోపలికి పోయిన కొసను బయటికి లాగే, రెండు పలుచని రేకులుండే లీడర్ రిట్రీవర్ అనే పరికరం హనుమకొండ, కరీంనగర్ పాత స్టూడియోల వాళ్ల దగ్గర ఉంటుందా? ఒక్క పూట అరువిచ్చినా చాలు, దయచేసి చెప్పండి.