పెట్రా బ్యాండ్ తొలి ఆల్బమ్ (1974) గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న – కర్నూలు యూత్ క్వాయర్

అందరికీ వందనాలు. మాది కర్నూలు. మా సంఘంలో యౌవనస్థుల పాటల బృందం బాధ్యత నేను చూస్తున్నాను. క్రైస్తవ సంగీతంలోకి ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్ ఏ దారిన వచ్చాయో వచ్చే యూత్ కూటంలో ఒక గంటసేపు వివరించి, కొన్ని పాటలు కూడా వినిపించమని మా పాస్టరుగారు నాకు అప్పగించారు. పేరు పొందిన తరువాతి బృందాలతో కాకుండా మొదటి రోజుల నుంచే చెప్పుకొస్తే బాగుంటుందని నాకు అనిపించి, అమెరికాకు చెందిన క్రైస్తవ రాక్ బృందం పెట్రా తమ పేరుతోనే 1974లో తెచ్చిన తొలి ఆల్బమ్‌ను ఎంచుకున్నాను.

ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ నగరంలో 1972లో బాబ్ హార్ట్‌మన్, గ్రెగ్ హఫ్, జాన్ డిగ్రాఫ్, బిల్ గ్లోవర్ అనే నలుగురు యువకులు కలిసి ఈ బృందాన్ని మొదలుపెట్టారనీ, ఆల్బమ్‌ను మిర్ రికార్డ్స్ సంస్థ విడుదల చేసిందనీ, బిల్లీ రే హర్న్ దాన్ని నిర్మించారనీ నాకు తెలుసు. పాటలు పదీ విన్నాను. గిటార్ వాద్యం నన్ను బాగా ఆకట్టుకుంది కాని, పాడే గొంతులు మాత్రం తరువాతి పెట్రా పాటలతో పోలిస్తే చాలా పలుచగా వినిపించాయి. ఇది నా చెవికి మాత్రమే అనిపిస్తున్నదా, లేక అందరూ ఒప్పుకునే మాటేనా? అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఇలాంటి పాటల్లో మోత తప్ప వాక్యం ఉండదని మా సంఘ పెద్దలలో ఒకరు గట్టిగా నమ్ముతున్నారు. ఆయనంటే నాకు గౌరవం ఉంది కనుక వాదనకు దిగకుండా, ఆ పాటల్లో ఉన్నదేమిటో ఆయన ముందుంచాలని కోరుకుంటున్నాను. ఈ ఆల్బమ్‌ను శ్రద్ధగా విన్నవారు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు – అనంతపురం శ్రోత

తమ్ముడూ, వందనాలు. నీ చెవి నిన్ను మోసం చేయలేదు. ఆ ఆల్బమ్‌లో గిటార్లు ఎంత ముందున్నాయో గానం అంత వెనుకబడి ఉంది. అందుకు కారణం బృందం కూర్పులోనే దొరుకుతుంది. నలుగురిలో హార్ట్‌మన్, హఫ్ ఇద్దరూ గిటారిస్టులు, డిగ్రాఫ్ బేస్ వాయించేవాడు, గ్లోవర్ డ్రమ్స్ చూసుకునేవాడు. పాడటమే పనిగా పెట్టుకున్న మనిషి ఆ నలుగురిలో ఒక్కరూ లేరు. గిటార్ వాయిస్తున్నవారే పాటను కూడా మోశారు. అందువల్ల పాట నడిచేటప్పుడు మామూలుగా ఉన్న బృందం, పల్లవి ముగిసి వాద్యాల వంతు రాగానే ఒక్కసారి లేచి నిలబడుతుంది.

ఆ వాద్యభాగాలను మంచి హెడ్‌ఫోన్‌లు పెట్టుకుని ఒకసారి విను. ఒకటే వరసను రెండు గిటార్లు జంటగా అందుకుని, కొంతదూరం కలిసి సాగిన తరువాత ఒకటి పక్కకు తప్పుకుని రెండోదానికి దారి ఇస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల రాక్ బృందాలు, ముఖ్యంగా ఆల్‌మన్ బ్రదర్స్, ఆ రోజుల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. పెట్రా వాళ్లది దక్షిణం కాకపోయినా ఆ బాణీని ఇష్టంగా పట్టుకున్నారు. దానికి తోడు పల్లెటూరి కంట్రీ పాటల ఒరవడి కూడా అక్కడక్కడ కలుస్తుంది. 'లూకస్ మెక్‌గ్రా' అనే పాటలో ఆ రుచి బాగా తెలుస్తుంది. ఎనభైల నాటి కీబోర్డుల హోరుతో పెట్రాను ఎరిగినవారికి ఇది మరో బృందమేమో అనిపించేటంత తేడా ఉంది.

అయితే నీ ప్రసంగంలో దీన్ని తొట్టతొలి క్రైస్తవ రాక్ ఆల్బమ్ అని మాత్రం చెప్పవద్దు. క్రైస్తవ రాక్ గాయకుడు లారీ నార్మన్ సొంత ఆల్బమ్ 'అపాన్ దిస్ రాక్' 1969లోనే క్యాపిటల్ సంస్థ ద్వారా వచ్చింది. కాలిఫోర్నియాలో కాల్వరీ చాపెల్ అనే సంఘం నీడన పెరిగిన లవ్ సాంగ్ బృందం తన మొదటి ఆల్బమ్‌ను 1972లో తెచ్చింది. హిప్పీ జీవితం విడిచి ప్రభువు దగ్గరకు వచ్చిన యువతరం తమకు తెలిసిన సంగీతంతోనే పాడుకోవడం మొదలుపెట్టిన కాలమది. జీసస్ ఉద్యమం అని దాన్ని పిలిచేవారు. 1972 జూన్‌లో డాలస్‌లో జరిగిన ఎక్స్‌ప్లో 72 అనే క్రైస్తవ యువజన సభల్లో నార్మన్, లవ్ సాంగ్ ఇద్దరూ వేల మంది యువకుల ముందు పాడారు. లవ్ సాంగ్ వారిది మెత్తని గానం, గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయే తీరు. పెట్రా తెచ్చినది అందుకు భిన్నంగా గిటార్‌ను ముందు నిలబెట్టిన రాక్. నా దృష్టిలో ఈ ఆల్బమ్ స్థానం అక్కడ ఉంది, ముందు వెనుకల లెక్కలో కాదు.

జవాబు – కడప కీర్తనలు

పై సోదరుడు వాద్యాల సంగతి చక్కగా చెప్పారు కనుక నేను మాటల సంగతికే పరిమితమవుతాను. మీ సంఘ పెద్ద అడుగుతున్నది కూడా దాని గురించే కదా.

ఆయనకు ముందుగా పాటల పేర్లు చదివి వినిపించండి. 'వాకిన్ ఇన్ ద లైట్' అనగానే మొదటి యోహాను పత్రిక మొదటి అధ్యాయం గుర్తుకు రాక మానదు. 'ఐయామ్ నాట్ అషేమ్డ్' అన్నది రోమా 1:16లో పౌలు మాట. 'గెట్ బ్యాక్ టు ద బైబిల్' అయితే వివరణే అక్కరలేదు, పేరులోనే మొత్తం సువార్త సభ ఉంది. వాక్యం లేదనే మాట ఈ ఆల్బమ్ విషయంలో నిలబడదు. నిజానికి నా ఫిర్యాదు దానికి వ్యతిరేక దిశలో ఉంది. కొన్నిచోట్ల మాటలు మరీ నేరుగా, ప్రసంగంలాగా సాగి, కవిత్వానికి చోటు చాలకుండా చేశాయి. ఇరవై ఏళ్లు దాటిన కుర్రవాళ్లు, బైబిల్ శిక్షణ కేంద్రంలో చదువుకుంటూ కలుసుకున్నవారు, నమ్మినదాన్ని దాచుకోకుండా చెప్పిన తీరు అది. ఆ నిజాయితీని నేను ప్రేమిస్తాను.

వీటన్నిటిలో ఎక్కువసేపు ఆగి వినవలసిన పాట 'బ్యాక్‌స్లైడిన్ బ్లూస్'. విశ్వాసంలో నడుస్తూ నడుస్తూ దారి తప్పినవాడి మనోవేదనను ఇందులో బ్లూస్ అనే అమెరికా నల్లజాతివారి పాటల బాణీలో పెట్టారు. సాధారణంగా బ్లూస్ పాట ఒక పంక్తిని పాడి, దాన్నే మళ్లీ పాడి, మూడో పంక్తిలో జవాబు చెబుతుంది. ఏడ్చేవాడు ఒకే మాటను రెండుసార్లు అనడం లోకంలో మనం చూసేదే. పశ్చాత్తాపానికి ఇంతకంటే సరిపోయే కట్టడం ఏముంటుంది? ఆ సంగీతం మద్యశాలల్లో పుట్టిందనే కారణంతో అప్పటి సంఘాలవారు దాన్ని అనుమానంగా చూశారు. కాని 51వ కీర్తనను, 130వ కీర్తనను పక్కన పెట్టుకుని ఈ పాట వినమని మీ పెద్దాయనను కోరండి. అగాధంలో నుండి మొరపెట్టే గొంతు అక్కడా ఇక్కడా ఒకటే.

మన సంగతి కూడా ఒకటి చెప్పాలి. కడపలో లండన్ మిషన్ వారి పని 1822లో మొదలైంది. ఆనాటి మిషనరీలు తమ దేశపు స్వరాలకు తెలుగు మాటలు కూర్చి పాడించారు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌధరిగారి వంటివారు అలా కాకుండా, ఇక్కడి రాగాల్లో, ఇక్కడి తాళాల్లో ప్రభువును కీర్తించారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం ఏ పేజీ తెరిచినా కీర్తన తలమీద రాగం పేరు, దాని పక్కన తాళం పేరు అచ్చయి కనబడతాయి. దేవళాల్లోను, కచేరీల్లోను, హరికథల్లోను వినబడిన రాగాలే అవి. వాటిని తెచ్చి ఆరాధనలో పెట్టినందుకు ఈరోజు ఎవరూ తప్పు పట్టరు, పైగా పెద్దలందరూ వాటినే ప్రాణంగా చూసుకుంటారు. ఫోర్ట్ వేన్ కుర్రవాళ్లు తమ ఊరి రేడియోలో మోగే సంగీతంతో చేసినది అదే పని. మీ పెద్దాయన కీర్తనలు బాగా పాడేవారైతే, ఈ మాట ఆయనకు ఎవరికంటే ముందుగా అర్థమవుతుంది.

జవాబు – నంద్యాల బేస్ గిటార్

ఆల్బమ్ ఎక్కువ మందికి చేరకపోవడానికి గానం బలహీనత ఒక్కటే కారణమని అనుకోకూడదు. అమెరికాలో ఆ కాలంలో ఇలాంటి రికార్డులు అమ్ముడుపోయిన చోటు మామూలు రికార్డు దుకాణం కాదు, బైబిళ్లు, భక్తి పుస్తకాలు అమ్మే క్రైస్తవ పుస్తకాల దుకాణం. రాక్ వినే కుర్రవాడు ఆ దుకాణం మెట్లెక్కడు, ఎక్కే పెద్దమనిషి రాక్ కొనడు. క్రైస్తవ రేడియో కేంద్రాలు ఇంత గట్టి గిటార్ ఉన్న పాటలను వేయడానికి జంకేవి, మామూలు కేంద్రాలకు ఇంత వాక్యం ఉన్న పాటలు అక్కరలేదు. మిర్ అనే సంస్థ వర్డ్ అనే పెద్ద క్రైస్తవ ప్రచురణ సంస్థకు చెందినదే అయినా ఈ గోడను దాటించలేకపోయింది. ఇక ఆ బృందానికి సొంత ఊళ్లో దొరికిన వేదిక ఆడమ్స్ యాపిల్ అనే క్రైస్తవ కాఫీ హౌస్. అక్కడికి వచ్చే యువతరమే వారి మొదటి శ్రోతలు.

అనంతపురం అన్నగారితో నాకు ఒకచోట అభిప్రాయభేదం ఉంది. గిటార్ల జంటను మెచ్చుకున్నారు కాని, వాటి కింద బేస్ చేస్తున్న పనిని వదిలేశారు. డిగ్రాఫ్ వేళ్లు ఊరికే శ్రుతి పట్టి కూర్చోలేదు. గిటార్లు రెండూ పైకి ఎగిరినప్పుడు పాటను నేలమీద నిలబెట్టినది ఆయనే. మన సంఘాల్లో బేస్ గిటార్ కొన్నా, కీబోర్డు ఎడమ చేతితో వాయించేదాన్నే దానిమీద మళ్లీ వాయించి సరిపెడుతుంటారు. మీ కుర్రవాళ్లకు 'స్టార్మ్ కమిన్' పాటను బేస్ ఒక్కదానిమీదే చెవి పెట్టి వినమని చెప్పండి. ఆ ఒక్క అభ్యాసం వారికి చాలా నేర్పుతుంది.

కర్నూలు యూత్ క్వాయర్

అన్నలందరికీ కృతజ్ఞతలు. కీర్తన తలమీద అచ్చయిన రాగం, తాళం సంగతి ఇన్నేళ్లుగా కళ్ల ముందున్నా ఈ కోణంలో నాకు తట్టలేదు. మా పెద్దాయన హార్మోనియం పెట్టుకుని కీర్తనలు పాడతారు, కనుక కూటం ఆరంభంలో ఆయననే ఒక కీర్తన పాడమని కోరి, ఆ తరువాత 'బ్యాక్‌స్లైడిన్ బ్లూస్' వినిపించాలని అనుకుంటున్నాను. గొంతుల విషయం పిల్లలకు అర్థం కావడానికి ఈ ఆల్బమ్ పక్కన తరువాతి పాట ఏదైనా వినిపించవచ్చా? వినిపిస్తే ఎక్కడ ఆపాలి?

జవాబు – అనంతపురం శ్రోత

తప్పకుండా వినిపించు తమ్ముడూ. బేస్ విషయంలో నంద్యాల సోదరుడు అన్నది న్యాయమే, ఈసారి విన్నప్పుడు అటే చెవి పెడతాను.

పోలికకు 1979 నాటి 'వాషెస్ వైటర్ దాన్' ఆల్బమ్ సరిపోతుంది. అప్పటికి మిర్ సంస్థతో సంబంధం తెగి, బృందం స్టార్ సాంగ్ సంస్థకు వెళ్లింది. తొలి నలుగురిలో హార్ట్‌మన్ ఒక్కడే మిగిలాడు. 1977 నాటి రెండో ఆల్బమ్‌లో అతిథిగా పాడిన గ్రెగ్ ఎక్స్ వోల్జ్ ఇందులో ప్రధాన గాయకుడు. అతడి గొంతు బలమైనది, పై స్థాయిలో కూడా తడబడదు. అందులోని 'వై షుడ్ ద ఫాదర్ బాదర్' పాటను తీసుకుని, 1974 నాటి 'వాకిన్ ఇన్ ద లైట్' వెంటనే వినిపిస్తే ఎవరూ వివరించకుండానే పిల్లలకు తేడా తెలుస్తుంది. గాయకుడు దొరికిన తరువాత హార్ట్‌మన్ రాసే పద్ధతి కూడా మారింది. పొడుగాటి వాద్యభాగాలు తగ్గి, పాట గొంతు చుట్టూ తిరగడం మొదలైంది. లాభం ఎంత పెద్దదైనా, ఆ జంట గిటార్ల తీరిక పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే.

అక్కడ ఆపెయ్యి. 1986లో కొత్త గాయకుడిగా జాన్ ష్లిట్ రావడం, ఆ తరువాతి గ్రామీ బహుమతులు, 2005లో వీడ్కోలు చెప్పడం అన్నీ పెద్ద కథలు. వాటిని ఇదే గంటలో ఇరికిస్తే తొలి ఆల్బమ్‌కు చోటు మిగలదు. వీలైతే ఫోన్ స్పీకర్ మీద కాకుండా సంఘంలోని సౌండ్ బాక్సులకు కలిపి వినిపించు, బేస్ తగ్గించకుండా చూసుకో. కూటం అయ్యాక మీ పెద్దాయన ఏమన్నారో ఇక్కడ రాయి, మేమందరం ఎదురుచూస్తుంటాం.