హైవే పనుల కాడ గీతలు గీస్తే బండ్లు నిదానిస్తాయా?

గుత్తిరోడ్: 44 హైవేలో పని జరిగే కాడ బోర్డు చూసి ఎవురూ స్లో చేయట్లేదు. పనికి ముందర రోడ్డుకు అడ్డంగా తెల్లగీతలు గీసి, పోనుపోను గీతల మధ్య దూరం తగ్గించుకుంటా వస్తే, స్పీడు అంతే ఉన్నా పెరిగినట్ల అనిపించి డ్రైవరు బ్రేకు మీద కాలు పెడతాడు. చికాగోలో లేక్ షోర్ డ్రైవ్ మలుపు కాడ 2006లో ఇట్లే గీసినారు. మన కాడ ఎందుకు గీయరు?

డోన్‌లారీ: గీతలకు భయపడే డ్రైవరు యాడున్నాడప్పా. రోడ్డుకు అడ్డంగా ఎత్తుపట్టీలు, అదే రంబుల్ స్ట్రిప్ వెయ్యి, సీటు అదిరితే వాడే ఆగుతాడు.

కడపచిన్నోడు: వాటిమీద బైకులోళ్లు పడేది చూడలేదా నువ్వు

గుత్తిరోడ్: భయం కాదన్నా, కంటికి స్పీడు తెలిసేటట్ల చేయడం. కోన్లు దగ్గర దగ్గరగా పెట్టి లేన్ సన్నం చేసినా అంతే.

డోన్‌లారీ: రాత్రి ఎదుటోడు హైబీమ్ కొడితే గీత కనపడుతుందా?

గుత్తిరోడ్: గాజుపూసలు కలిపిన పెయింటు లైటుకు మెరుస్తుందన్నా.

డోన్‌లారీ: దుమ్ము కప్పేస్తే ఏం మెరుస్తుంది? జవాబు చెప్పు.

పెన్నఒడ్డు: రోజూ పోయేటోళ్లకు అలవాటైపోతుంది గదా

గుత్తిరోడ్: దుమ్ము దుమ్ము అంటాండావ్. మా బామ్మర్ది ఎర్రజెండా పట్టుకోని నిలబడితే ఒక కారు కోన్లను తోసుకుంటా వచ్చి కాలు విరగ్గొట్టింది, ఇప్పటికీ కట్టె పట్టుకోని నడుస్తాడు. ఆ పొద్దు దుమ్మూ లేదు, చీకటీ లేదు, బోర్డు నిలువునా కనపడతాంది.

డోన్‌లారీ: బాధే తమ్మీ, నేను కాదనను. కానీ పని అయిపోయి నెలలైనా 30 బోర్డు అట్లే ఉంటాది, మనిషి లేడు మిషన్ లేదు, దాన్ని నమ్మి స్లో చేస్తే ఒకసారి వెనకొచ్చే బస్సు నా బండికి ఆనించినంత పనైంది. ఉత్త బోర్డులు చూసి చూసి నిజమైన బోర్డును ఎవడు నమ్ముతాడు? నీ గీతలూ అట్లే వదిలేసి పోతారు. నా కోపం పెయింటు మీద కాదు, కాంట్రాక్టరు మీద.

గుత్తిరోడ్: పని లేనప్పుడు బోర్డు తీసేయాలనేది రోడ్డు పనుల కాడ ట్రాఫిక్ గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిన ఐఆర్‌సీ ఎస్‌పీ 55 పుస్తకంలోనే ఉందన్నా, తీయనోళ్లను నేనూ తిడతా. కానీ జెండా పట్టినోడు బోర్డు మర్చిపోయినోడు కాదు, కూలికొచ్చినోడు. దెబ్బ వానికి తగుల్తాంది.

పెన్నఒడ్డు: ఉత్త బోర్డు కనపడితే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి నంబరు చెప్పండి.

డోన్‌లారీ: చేస్తా. అవి తీసినంక గీతలు గీయమను, అప్పుడు నేనే స్లో చేస్తా.