గిజిగాడి గూళ్ల ఫొటోలకు ఆటోఫోకసా, మాన్యువల్ ఫోకసా?

ప్రశ్న:
మా ఊరి చెరువు గట్టున ఉన్న తుమ్మచెట్లకు ఈ వానాకాలం గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. నా దగ్గర 30 రెట్ల జూమ్ ఉన్న చిన్న డిజిటల్ కెమెరా ఉంది, గట్టు మీద నుంచి గూటికి పది మీటర్ల దూరం ఉంటుంది. జూమ్ పూర్తిగా పెట్టి తీస్తే చాలా ఫొటోల్లో ముందున్న ముళ్లకొమ్మ స్పష్టంగా వస్తోంది, గూటిని పట్టుకొని వేలాడే పసుపుతల మగపిట్ట మాత్రం మసకబారుతోంది. ఇప్పటిదాకా కెమెరా తనంతట తానే ఫోకస్ చేసుకొనే ఆటోఫోకస్ మీదే తీస్తున్నాను. మెనూలో మాన్యువల్ ఫోకస్ (ఎంత దూరంలోది స్పష్టంగా రావాలో మనమే సరిచేసుకొనేది) ఉంది గానీ ఎన్నడూ వాడలేదు. నేర్చుకుంటే ప్రయోజనం ఉంటుందా?

జవాబు 1:
ఇటువంటి కెమెరాల్లో చాలావరకు కాంట్రాస్టును, అంటే వెలుగునీడల తేడాను బట్టి ఫోకస్ చేస్తాయి. లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి చూసి, అంచులు అన్నిటికన్నా పదునుగా కనిపించిన చోట ఆగుతాయి. ఆకాశపు వెలుగుకు ఎదురుగా నల్లగా నిలిచిన ముళ్లకొమ్మ దానికి సులువుగా దొరుకుతుంది. కాబట్టి ఫోకస్ పాయింటును కెమెరాకు వదిలేయకుండా, మధ్యలోని ఒక్క పాయింటునే ఎంచుకొని, దాని పరిమాణం వీలైనంత తగ్గించండి. కొమ్మ అడ్డు లేని గూటి పొట్టభాగం మీద షట్టర్ బటన్ సగం నొక్కి పట్టుకొని, ఆ తరువాత ఫ్రేము సరిచేసుకోండి. మాన్యువల్ అవసరం రాదని నా అభిప్రాయం.

జవాబు 2:
నేను ఒప్పుకోలేను. ఆ పద్ధతిలో ప్రతి ఫొటోకూ మళ్లీ సగం నొక్కాలి, గాలికి కొమ్మ అడ్డం వచ్చిన ప్రతిసారీ కెమెరా మళ్లీ పొరబడుతుంది. గూడు ఉన్నచోటనే ఉంటుంది, పిట్టే దాని దగ్గరకు వస్తుంది. మాన్యువల్ ఫోకసుకు ఇంతకన్నా అనువైన సందర్భం అరుదు. జూమ్ లేనప్పుడు ఈ చర్చే అనవసరం: 1/2.3 అంగుళాల సెన్సరు (బొమ్మను పట్టే చిప్పు), 4.3 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ (జూమ్ పెంచేకొద్దీ పెరిగే లెన్సు కొలత), ఎఫ్/3.3 (లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుందో చెప్పే సంఖ్య) అనుకుంటే, సుమారు 1.1 మీటర్ల దూరానికి ఫోకస్ పెట్టినా అర మీటరు మొదలు కనుచూపు మేర వరకూ అన్నీ స్పష్టంగానే ఉంటాయి. అదే కెమెరాను 30 రెట్ల పూర్తి జూమ్‌కు, అంటే 129 మిల్లీమీటర్లకు, ఎఫ్/6.4కు తెచ్చి పది మీటర్ల దూరంలోని గూటిని చూస్తే, నా లెక్కన స్పష్టంగా ఉండే లోతు ముందూ వెనకా కలిపి 40 సెంటీమీటర్లకు మించదు. ట్రైపాడ్ మీద పెట్టి, స్క్రీన్ మీద గూటి అల్లికను పెద్దది చేసి చూసుకుంటూ దూరం సరిచేయండి.

జవాబు 3:
ఇద్దరి మాటలోనూ పనికొచ్చేది ఉంది. చాలా చిన్న కెమెరాల్లో లెన్సు చుట్టూ తిప్పే రింగు ఉండదు, బటన్లు నొక్కుతూ దూరం మార్చాలి, పైగా ఎండలో స్క్రీన్ సరిగా కనబడదు. అందుకని ముందు ఆటోఫోకస్‌తో గూటిని పట్టి, వెంటనే మాన్యువల్‌కు మార్చండి. అదే దూరం నిలుస్తుందో లేదో మీ కెమెరాలో ముందే పరీక్షించండి. ఆ తరువాత జూమ్ కదిపితే ఫోకస్ మళ్లీ చూసుకోవాలి. ఇంకొక మాట: గూడు స్పష్టంగా ఉండి పిట్ట ఒక్కటే చెదిరితే అది ఫోకస్ లోపం కాకపోవచ్చు. మగపిట్ట ఆడపిట్టను పిలుస్తూ రెక్కలు విపరీతంగా ఆడిస్తుంది, షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గనివ్వకండి. అడ్డుగా ఉందని కొమ్మను మాత్రం విరవకండి, గూటికి ఆ ముళ్లే కాపలా.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం మూడో జవాబులోని పద్ధతి ప్రయత్నించాను. నా కెమెరాలో దూరం నిలిచింది, ముళ్లకొమ్మ మసకబారి గూటి అల్లిక గడ్డిపోచలతో సహా కనిపించింది. పిట్ట రెక్కలు ఇంకా చెదురుతున్నాయి, రేపు ఎండ బాగా వచ్చాక వేగం పెంచి చూస్తాను.