కోనసీమకి ప్రైవేటు రిసార్టు చైన్ రావాలా, వద్దా?

వశిష్ఠ ఒడ్డు:
మా ఊళ్ళో గోదారి పక్క కొబ్బరి తోటకి బేరం వచ్చిందండి. రిసార్టు కడతారట. వాళ్ళకి ఇప్పటికే వేరే చోట్ల నాలుగైదు ఉన్నాయి, అంతా ఒకే కుటుంబం చేతిలో. ఊరు రెండుగా చీలిపోయింది. దిండిలో టూరిజం శాఖ రిసార్టు, హౌస్‌బోట్లు ఉండగా మళ్ళీ ప్రైవేటు వాళ్ళెందుకు అనేది వద్దనేవాళ్ళ మాట. మీరేమంటారు?

కొచ్చిలో కోనసీమోడు:
రానివ్వండి. ఇక్కడ కేరళలో సీజీహెచ్ ఎర్త్ అనే రిసార్టు చైన్‌నే చూడండి, అదీ కుటుంబ సంస్థే. 1957లో కొచ్చిలో క్యాసినో హోటల్‌తో మొదలైంది (పేరుకే క్యాసినో, జూదం లేదు లెండి). ముప్పై ఏళ్ళు పెద్దగా విస్తరించలేదు. తర్వాత వరసగా రిసార్టులు తెరిచారు: 1988లో లక్షద్వీప్‌లోని బంగారం దీవి, 1991లో తేక్కడి, 1993లో కుమరకం. కుమరకంలో కాంక్రీటు లేపలేదు. పాత చెక్క ఇళ్ళని విప్పి తెచ్చి, మళ్ళీ నిలబెట్టారు. మన మండువా లోగిళ్ళు పడగొట్టి కలప అమ్ముకుంటుంటే నాకు కడుపు మండుతుంది. అలాంటి వాళ్ళు ఒక్కరొచ్చినా కొన్ని ఇళ్ళు మిగిలేవి.

తోటకౌలు:
కథ బాగుందండి. ఆ కుమరకం పక్కనే వెంబనాడ్ సరస్సు హౌస్‌బోట్ల మురుగుతో ఎలా అయిందో కూడా చెప్పండి మరి. తోట అమ్మితే డబ్బు ఆసామికి. కౌలు చేసుకునే మాకు, దింపు తీసేవాళ్ళకి, కాయ ఒలిచేవాళ్ళకి ఏం వస్తుంది? మహా అయితే గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం. మేనేజర్‌ని బయటినుంచే తెచ్చుకుంటారు. ప్రైవేటా, ప్రభుత్వమా అనేది నాకు అనవసరం. అమ్మకమా, కౌలా అన్నదే నా ప్రశ్న.

హోటల్ లైన్‌లో వాణ్ణి:
లెక్క కూడా చూడండి. సంక్రాంతికి ఎంత రేటు చెప్పినా గది దొరకదు. జూలై, ఆగస్టుల్లో గోదారి పోటెత్తితే ఎవరొస్తారు? ఒక్క హోటల్ ఉన్నవాడికి బ్యాంకు వాయిదా టెన్షన్. చైన్‌కైతే ఇక్కడి నష్టాన్ని ఇంకోచోట పూడ్చుకునే వీలుంది. షేర్ మార్కెట్‌లో లేకపోతే మూడు నెలలకోసారి లాభం చూపించాల్సిన తొందరా ఉండదు. కాకపోతే మిగులు డబ్బుతో మెల్లగా పెరిగినవాడు వేరు, అప్పు మీద అప్పుతో పెరిగినవాడు వేరు. రెండోవాడికి ఒక్క చెడ్డ సీజన్ చాలు. ఇంకో పద్ధతీ ఉంది: బోర్డు మీద పేరు పెద్ద కంపెనీది, పెట్టుబడి లోకల్ ఆసామిది. కంపెనీ ఫీజు తీసుకుని నడుపుతుంది, నష్టం మాత్రం ఆసామిదే. వచ్చినవాళ్ళు ఏ రకమో కనుక్కోండి.

కొచ్చిలో కోనసీమోడు:
తోటకౌలు గారూ, కౌలూ అన్నిసార్లూ నిలవదండి. బంగారం దీవి లీజు మీద గొడవ పడి ఆ రిసార్టు మూతపడింది. సొంత భూమి లేనిదే పాత ఇళ్ళ మీద అంత ఖర్చు ఎవడు పెడతాడు?

తోటకౌలు:
ముప్పై ఏళ్ళ కౌలు రాయమనండి, కాయ దింపు హక్కు మాకు ఉంచమనండి. 1996 తుఫానుకి తోటలు పడిపోతే మొక్క నాటి మళ్ళీ కాపుకి తెచ్చింది ఈ ఊరివాళ్ళే. కంపెనీ అప్పుడు ఉండుంటే ఇన్సూరెన్స్ తీసుకుని వెళ్ళిపోయేది.

హోటల్ లైన్‌లో వాణ్ణి:
అదంతా తర్వాత. ఆ తోట ఏటిగట్టుకి ఇవతలా, అవతలా?

వశిష్ఠ ఒడ్డు:
ఏటి వైపేనండి. 2022 జూలై వరదకి మోకాలు పైదాకా నీళ్ళు నిలిచాయి.

హోటల్ లైన్‌లో వాణ్ణి:
అయితే ముందు మండలాఫీసులో, రివర్ కన్జర్వేటర్ (ఏటిగట్ల వ్యవహారాలు చూసే ఇరిగేషన్ అధికారి) దగ్గర అక్కడ పక్కా కట్టడానికి అనుమతి ఇస్తారేమో అడగండి. సెప్టిక్ ట్యాంకు ఎక్కడ తవ్వుతారో కాగితం మీద గీయించండి. అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ముట్టుకోవద్దు.

వశిష్ఠ ఒడ్డు:
ఆసామి ఆల్రెడీ తీసేసుకున్నాడండి.