11 ఏళ్ల పాపకి హోలోకాస్ట్ (హిట్లర్ నాజీలు యూదుల్ని లక్షలాదిగా చంపిన మారణకాండ) నవలల్లో ఏది ఇవ్వాలి?

ప్రశ్న (నెల్లూరు అమ్మ):
మా పాపకి స్కూల్లో 'ద బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పజామాస్' చదివించారు. అయిపోయాక ఒకటే ఏడుపు, "పాపం బ్రూనో" అని. బ్రూనో అంటే యూదుల్ని బంధించి చంపే శిబిరాన్ని నడిపే నాజీ అధికారి కొడుకు. మరి కంచె అవతల శిబిరంలో బందీగా ఉన్న యూదు పిల్లాడు ష్ముయెల్ సంగతేంటే అంటే "వాడూ పాపమేలే" అంది, అంతే. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఇప్పుడేం చదివించను?

జవాబు (బడి లైబ్రేరియన్):
పాప తప్పేం లేదండీ. కథంతా బ్రూనో వెంటే నడుస్తుంది, కన్నీళ్లూ వాడికే పోతాయి. నాకు బాధ కలిగించేది ఇంకోటి. అందులో ష్ముయెల్ రోజూ కంచె దగ్గర కూర్చుని కబుర్లు చెప్తాడు. నిజానికి ఆ కథ జరిగే ఆష్విట్జ్ శిబిరంలో ఆ వయసు యూదు పిల్లల్ని చాలావరకు రైలు దిగిన వెంటనే గ్యాస్ గదులకి పంపేశారు. అక్కడికి తరలించిన పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లు సుమారు 2,32,000 మంది, అందులో 2,16,000 మంది యూదులే. ఈ చరిత్ర చదివేవాళ్లు, చెప్పేవాళ్లు ఆ పుస్తకం జోలికి పోవద్దని ఆష్విట్జ్ మ్యూజియమే 2020లో చెప్పింది.

నేనైతే యూరీ ఒర్లెవ్ రాసిన 'ది ఐలాండ్ ఆన్ బర్డ్ స్ట్రీట్' ఇస్తాను. ఆయన చిన్నతనం వార్సా ఘెట్టోలో (పోలండ్ రాజధానిలో నాజీలు యూదుల్ని గోడ కట్టి బంధించిన పేటలో), ఆ తర్వాత బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో గడిచింది. నవల్లో అలెక్స్‌ది మీ పాప వయసే. నాన్నని పట్టుకుపోయాక, తిరిగొస్తాడన్న నమ్మకంతో కూలిన ఇంట్లో తెల్ల ఎలుకని పెట్టుకుని దాక్కుంటాడు. పైన మిగిలిన అటకలాంటి చోటుకి తాడు నిచ్చెన కట్టుకుంటాడు. చిన్న కన్నంలోంచి చూస్తే గోడ అవతల వీధి మామూలుగానే బతుకుతుంటుంది. ఇది చదివే పిల్లలు "మరి రేపేం తింటాడు?" అని అడుగుతారు. ఉత్త జాలి కంటే ఆ ఆత్రం ఎంతో మేలు. ఒకచోట అలెక్స్ తుపాకి పేల్చాల్సొస్తుంది, అక్కడ మాత్రం మీరు పక్కనుండండి.

జవాబు (టాగోర్ అభిమాని):
వార్సా ఘెట్టో అన్నారు కాబట్టి చెప్తున్నా. యానుష్ కోర్చాక్ నడిపిన అనాథాశ్రమం పిల్లలు 1942 జూలైలో అక్కడే మన టాగోర్ 'డాక్ ఘర్' నాటకం వేశారు. మరుసటి నెలలోనే నాజీలు అందర్నీ ట్రెబ్లింకా మరణ శిబిరానికి తీసుకెళ్లి చంపేశారు. కోర్చాక్‌ని తప్పిస్తామని కొందరు ముందుకొచ్చినా, ఆయన పిల్లల్ని వదిలి కదల్లేదు. వీలైతే ఆ నాటకం కూడా చదివించండి.

నెల్లూరు అమ్మ:
రెండూ చదివిస్తానండీ. ఒక్క మాట, అలెక్స్ నాన్న తిరిగొస్తాడా? నాకు తెలిస్తే ధైర్యంగా చదివిస్తా.

బడి లైబ్రేరియన్:
వస్తాడండీ. పాపకి మాత్రం ముందే చెప్పేయకండి.